అరవై రెట్ల జేబు మైక్రోస్కోప్: ఒక ఖరీఫ్ అంతా వరి చేలో వాడాక

ఈ వస్తువుకి ఆన్‌లైన్‌లో ఉన్న రివ్యూలన్నీ పాత నాణేలు చూసుకునేవాళ్లవీ, బంగారం పని చేసేవాళ్లవీ. వరి ఆకు మీద పెట్టి చూసినవాళ్లు రాసింది నాకు ఒక్కటీ దొరకలేదు. అందుకే నేను రాస్తున్నాను. కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

నేను విజయనగరంలో ఇంటర్ పిల్లలకి బోటనీ చెబుతాను. చీపురుపల్లి దగ్గర మా ఊళ్లో నాన్నకి రెండున్నర ఎకరాలు ఉంది. ఎకరం సాంబ, అంటే బీపీటీ 5204, ఇంటి తిండికి. ఎకరం ఎంటీయూ 1121, శ్రీధృతి అంటారు, అమ్మకానికి. మెట్ట మీద మిగతా అర ఎకరంలో చోళ్లు, అంటే రాగులు. శనివారం సాయంత్రం బస్సెక్కి వెళ్తాను, ఆదివారం పొద్దున్నే నాన్నతో పాటు గట్ల మీద తిరిగి వస్తాను.

అంతకు ముందటేడు అక్టోబరులో శ్రీధృతి ఆకుల మీద గోధుమరంగు చుక్కలు కనిపించాయి. నాన్న ఒక ఆకు తెంపి మందుల షాపుకి పట్టుకెళ్లారు. షాపాయన ఆ ఆకు చేతిలోకి కూడా తీసుకోలేదట. "అగ్గి తెగులే, లేటయితే చేనంతా మాడిపోద్ది" అని చెప్పి మూడు మందులు కలిపి కొట్టమని ఇచ్చాడు. 1,850 రూపాయలు, కొట్టినవాడి కూలి వేరే. వారం తిరక్కుండా ఇంకో దఫా. ఇంత చేశాక తేలిందేమిటంటే, ఆ చేనికి అసలు మందే అక్కర్లేదు. తెగులు ఉన్నది పక్కన సాంబలో. అటువైపు ఎవరం చూడలేదు. వెన్ను బయటికి వచ్చే వేళకి మెడవిరుపు, అంటే అదే అగ్గి తెగులు కంకి మెడకి పట్టడం, తగిలి, తెల్లబోయిన కంకులు గాలికి అలాగే నిలబడి ఉన్నాయి. గింజ పాలు పోసుకోలేదు. ఇంటి తిండి గింజలు ఆ ఏడు కొనుక్కున్నాం. వరి పండించే ఇంట్లో బియ్యం కొనడం అమ్మ ఎంత బాధగా తీసుకుందో నాకు తెలుసు.

ఆ కోపంతోనే ఈ మైక్రోస్కోప్ కొన్నాను. అగ్గిపెట్టె కంటే కాస్త పొడుగు, నల్ల ప్లాస్టిక్, ఒక చిన్న ఎల్‌ఈడీ లైటు, ఫోకస్ చేసుకోవడానికి చక్రం, ఫోన్ కెమెరాకి తగిలించుకోవడానికి ఒక క్లిప్పు. మూడు బటన్ సెల్స్ వేస్తే పనిచేస్తుంది. ఐదు వందల లోపే. బ్రాండ్ అంటూ చెప్పుకోదగ్గది ఏమీ లేదు, ఇదే డబ్బా నాలుగైదు పేర్లతో అమ్ముతున్నారు. మొదట వచ్చిన దానికి అద్దం పగిలి ఉంది, తిరిగి పంపితే పది రోజులకి ఇంకోటి వచ్చింది.

ఇక ఏం చూశానో చెబుతాను.

సెప్టెంబరు చివర్లో ఒక ఆదివారం, మంచు ఇంకా ఆరకముందు, రెండు మళ్ల నుంచీ చెరొక ఆకు తెంపి గట్టు మీద కూర్చున్నాను. శ్రీధృతి ఆకు మీద చుక్క గుండుసూది తలంత ఉంది. మామూలు కంటికి అది ఉత్త మచ్చ. 60 రెట్లలో చూస్తే అంచు గీత గీసినట్టు తెగిపోయి ఉంది. లోపల ముదురు గోధుమ రంగు, చచ్చిన కణాల గుంపు. గీత దాటగానే పచ్చదనం, ఒక్క కణం కూడా వాడలేదు. నూగు లేదు, బూజు లేదు. ఇరవై చుక్కలు చూశాను, అన్నీ అంతే.

సాంబ ఆకు తీశాను. నూలుకండె ఆకారం మచ్చ, రెండు కొసలూ కోసుగా, నడుమ బూడిదరంగు. ఆ బూడిదరంగు మీద లైటు పడగానే గాజు పోగుల్లాంటి సన్నటి కాడలు లేచి ఉన్నాయి, వాటి కొసల్లో మెరిసే నలుసులు. ఊపిరి తగిలితే కదిలిపోతున్నాయి. అవే అగ్గి తెగులు తెచ్చే బూజు బీజాలు. ఒక్కో మచ్చ నుంచి రాత్రికి వేలల్లో రాలి గాలిలో పడతాయి. పాతికేళ్లుగా పుస్తకంలో బొమ్మ గీసి చెబుతున్నాను గానీ, మా చేలో మా ఆకు మీద చూడడం అదే మొదలు.

నాన్న కూడా చూశారు. చాలాసేపు కన్ను తీయలేదు. "రెండింటి మీదా అదే పడింది గదా, మరి దానికి నూగు లేదేటమ్మా?" అన్నారు.

మా క్లాసు పిల్లల్లో సగం మంది అడగలేని ప్రశ్న అది. దానికి జవాబు మొత్తం జన్యువుల్లోనే ఉంది. ఈ పరికరం ఎందుకు కొనాలో తెలియాలంటే ఆ జవాబు తెలియాలి.

శ్రీధృతి మీద ఉన్న చుక్క, బూజు చేసిన గాయం కాదు. మొక్క చేసిన పని. బూజు లోపలికి దిగిన చోట మొక్క తన కణాల్ని తానే చంపుకుంటుంది. అగ్గి తెగులు బూజుకి మొదటి కొన్ని రోజులు బతికున్న కణమే కావాలి. చుట్టూ కణాలు చచ్చిపోతే తిండి లేక అక్కడే ఆగిపోతుంది. అంటే చుక్క కనిపించిందంటే మొక్క బూజును గుర్తుపట్టిందన్నమాట. సాంబ గుర్తుపట్టలేదు. చుక్క పడాల్సిన చోట ఏమీ జరగలేదు, నాలుగైదు రోజులు ఆకు పచ్చగానే ఉండి ఆ తర్వాత నూలుకండె మచ్చ తేలింది.

మొక్క గుర్తుపట్టడం రెండు చోట్ల జరుగుతుంది. మొదటిది కణం పైన. బూజు గోడ కైటిన్‌తో కట్టి ఉంటుంది. రొయ్య పెంకులో ఉండేదీ ఇదే పదార్థం. పూసపాటిరేగ, భోగాపురం వైపు రొయ్యలు చూసినవాళ్లకి చెబితే వెంటనే అర్థమవుతుంది. వరి కణం బయట పొర మీద కైటిన్ ముక్క తగిలితే పసిగట్టే ప్రొటీన్ ఒకటి ఉంటుంది, జపాన్ వాళ్లు 2006లో దాన్ని పట్టుకున్నారు. అన్ని వరి రకాల్లోనూ ఈ కాపలా ఉంటుంది, సాంబలో కూడా. అయినా తెగులు ఎందుకొస్తుందంటే, బూజు తన కైటిన్ ముక్కల్ని మొక్కకి దొరకనివ్వకుండా ముందే పట్టేసుకునే ప్రొటీన్ ఒకదాన్ని వదులుతుంది. మొదటి కాపలాని అలా దాటిపోతుంది.

రెండోది కణం లోపల. రకానికీ రకానికీ తేడా వచ్చేది ఇక్కడే. మొక్కను లొంగదీయడానికి బూజు కొన్ని ప్రొటీన్లను కణంలోకి పంపుతుంది. వరిలో కొన్ని జన్యువులు వాటిని గుర్తుపట్టే ప్రొటీన్లను తయారు చేస్తాయి. ఒక్కో జన్యువు ఒక్కో దాన్నే గుర్తుపడుతుంది. మొక్కలో ఒక జన్యువు, బూజులో దానికి జతగా ఒక జన్యువు, ఈ సంగతి మొదట కనిపెట్టింది వరిలో కాదు. అమెరికాలో నార్త్ డకోటాలో హెరాల్డ్ ఫ్లోర్ అనే ఆయన 1940ల్లో అవిసె మొక్క మీద, దాని కుంకుమ తెగులు మీద ఏళ్ల తరబడి సంకరాలు చేసి చూపించాడు. మొక్కనొక్కదాన్నే కాదు, తెగులు బూజును కూడా సంకరం చేశాడు. అంతకుముందు ఆ రెండు పక్కలా అంత ఓపిగ్గా చూసినవాళ్లు లేరు.

వరిలో పీఐ-టా అనే జన్యువు సంగతి చెబితే మా క్లాసులో పిల్లలు నోరు తెరుస్తారు. అది తయారు చేసే ప్రొటీన్‌లో 928 అమైనో ఆమ్లాలు ఉంటాయి. 918వ చోట అలనిన్ అనే అమైనో ఆమ్లం ఉంటే మొక్క బూజును గుర్తుపడుతుంది, అదే చోట సెరిన్ ఉంటే గుర్తుపట్టదు. తొమ్మిది వందల చిల్లరలో ఒక్కటి. ఒక రైతు ఇంట్లో ఆ ఏడు అన్నం ఉంటుందా లేదా అన్నది ఆ ఒక్క చోట ఏముందన్న దాన్ని బట్టి మారొచ్చు. 2000లో ఈ సంగతి బయటపడింది. అటు బూజు వైపు, పీఐ-టా గుర్తుపట్టే ఆ ప్రొటీన్ జన్యువు క్రోమోజోమ్ కొసన ఉంటుంది. కొసన ఉన్నవి తెగిపోవడం, మారిపోవడం తేలిక. అది పోయిందంటే మొక్కకి గుర్తుపట్టడానికి ఏమీ మిగలదు. నిన్నటిదాకా తట్టుకున్న రకం ఇవాళ తట్టుకోకపోవడానికి కారణం ఇదే. విత్తనం పాడయిందని, నకిలీదని మనం షాపువాడితో గొడవ పడతాం. చాలాసార్లు విత్తనంలో మార్పేమీ ఉండదు, మారింది బూజు.

పీఐకే అనే ఇంకో జన్యువు పద్ధతి నాకు మరీ ఇష్టం. బూజు ప్రొటీన్ మొక్కలో వేరే ఒక ప్రొటీన్‌ను పట్టుకోవాలని వస్తుంది. పీఐకే ప్రొటీన్ సరిగ్గా ఆ ముక్కలాంటిదే తన ఒంట్లో పెట్టుకుని ఉంటుంది, గాలానికి ఎర గుచ్చినట్టు. బూజు వచ్చి దాన్ని పట్టుకుంది అంటే దొరికిపోయినట్టే.

నాన్నకి ఇదంతా చెప్పలేదు. "శ్రీధృతి దొంగని సూసింది నాన్నా, సాంబ సూడలేదు" అన్నాను. సరిపోయింది.

ఇప్పుడు దీనితో ఖర్చు ఎలా తగ్గిందో చెబుతాను. శ్రీధృతికి పోయిన ఖరీఫ్‌లో అగ్గి తెగులు మందు ఒక్కసారి కూడా కొట్టలేదు. సాంబకి రెండుసార్లు కొట్టాం, సరైన వేళకి. ట్రైసైక్లజోల్ 75 శాతం పొడి, లీటరుకి 0.6 గ్రాములు, ఎకరానికి 200 లీటర్ల నీళ్లలో 120 గ్రాములు. మా వైపు ఎక్కువ మంది ఈ మందుని మచ్చలు బాగా ముదిరాక కొడతారు. అప్పుడు అది పెద్దగా పనిచేయదు, ఎందుకో తెలుసుకోండి. బీజం ఆకు మీద పడి మొలిచాక ఒక గుండ్రటి నల్లటి బుడగ కడుతుంది. దాని గోడకి మెలనిన్ పూత ఉంటుంది. ఆ పూత వల్లే లోపల పీడనం మన చుట్టూ ఉండే గాలి పీడనానికి 80 రెట్ల దాకా పెరుగుతుంది, కారు టైరులో గాలికి ముప్పై రెట్లకు పైమాటే. ఆ వత్తిడితో ఆకు పొరను పొడిచి దిగుతుంది. ట్రైసైక్లజోల్ ఆ మెలనిన్ తయారవకుండా ఆపుతుంది. పూత లేని బుడగకి పొడిచే బలం రాదు. అంటే ఈ మందు పనిచేసేది దిగకముందు. దిగిపోయిన దాన్ని ఇది చంపలేదు. అందుకని మొదటి నూలుకండె మచ్చలో నూగు కనిపించిన రోజే కొట్టాలి, వెన్ను బయటికి వచ్చే ముందు ఇంకోసారి. ఆ మొదటి నూగు మామూలు కంటికి దొరకదు. ఈ డబ్బాకి దొరుకుతుంది. నా దృష్టిలో దీని ఖరీదు అక్కడే వసూలైపోయింది.

ఆ బుడగ మాత్రం 60 రెట్లలో కనిపించదు, కాలేజీ మైక్రోస్కోప్ కావాలి. ప్లాస్టిక్ షీటు ముక్క మీద నీటి బొట్టులో బీజాలు వేసి రాత్రికి మూత పెట్టి ఉంచితే పొద్దున్నకి బుడగలు కట్టి ఉంటాయి. ప్లాస్టిక్‌కీ వరి ఆకుకీ దానికి తేడా తెలియదు. 450 రెట్లలో బీజం పియర్ పండు ఆకారంలో, మూడు గదులుగా ఉంటుంది. బైపీసీ పిల్లలు వరసలో నిలబడి చూశారు. ఇద్దరు అగ్రికల్చర్ బీఎస్సీకి వెళ్తామన్నారు.

ఒక పొరపాటు కూడా చెప్పాలి, చదివినవాళ్లు అదే చేయకుండా. అక్టోబరు రెండో వారంలో శ్రీధృతి మడి ఒక మూలన మళ్లీ చుక్కలు కనిపించాయి. ఇవి కాస్త పెద్దవి, నువ్వు గింజంత, కోలగా. ఇవీ మొక్క చేసిన చుక్కలే అనుకుని వదిలేశాను. వారానికి పెరిగాయి. అప్పుడు స్టీలు టిఫిన్ డబ్బాలో తడి పేపర్ పరిచి, ఆ ఆకులూ పాత గుండుసూది చుక్కల ఆకులూ పక్కపక్కన పెట్టి రాత్రంతా మూత వేసి ఉంచాను. పొద్దున్న చూస్తే గుండుసూది చుక్కలు అలాగే ఉన్నాయి, నువ్వు గింజ మచ్చల మీద నల్లటి నూగు లేచింది. కాలేజీలో చూస్తే బీజాలు పడవలా వంగి, గోధుమరంగులో, అడ్డంగా చాలా గదులతో ఉన్నాయి. అది అగ్గి తెగులు కాదు, గోధుమరంగు మచ్చ తెగులు. సారం తగ్గిన నేలలో, పొటాష్ తక్కువైన చోట వస్తుంది. ఆ మూల నిజంగానే ఇసుక నేల. ఆ రాత్రి టిఫిన్ డబ్బా పరీక్ష ముందే చేసి ఉంటే వారం కలిసొచ్చేది. డబ్బాలో పెట్టకుండా చుక్కని బట్టి ఏ నిర్ణయమూ తీసుకోవద్దు. మొక్క గెలిచిన చుక్క మీద రాత్రంతా తడిలో ఉంచినా నూగు లేవదు, అదే అసలు గుర్తు.

ఇక చోళ్ల సంగతి. విజయనగరం పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన వేగావతి రకం వేశాం. చోడికి వచ్చే అగ్గి తెగులూ వరికి వచ్చేదీ ఒకే బూజు జాతి, కానీ తెగలు వేరు. మా గట్టుకి అటు సాంబ నిండా మచ్చలు, ఇటు నాలుగు అడుగుల దూరంలో చోడి ఆకు శుభ్రంగా ఉంది. గాలి రెండింటి మీదకీ వీస్తూనే ఉంది కదా. లెన్స్ పెట్టి చాలా వెతికాను, అక్కడక్కడా చుక్క తప్ప ఏమీ లేదు. పరాయి తెగ వచ్చి పడితే మొక్క ఎంత తేలిగ్గా అడ్డుకుంటుందో చూడాలంటే ఇలాంటి గట్టే కావాలి.

అయితే ఆ అడ్డు ఎప్పటికీ ఉంటుందన్న ధీమా పనికిరాదు. గోధుమకి ఈ తెగులు 1985లో బ్రెజిల్‌లో మొదటిసారి కనిపించింది. చాలా గోధుమ రకాల్లో ఆర్‌డబ్ల్యూటీ-3 అనే జన్యువు ఉంటుంది, వేరే గడ్డి మీద బతికే తెగ వస్తే అది గుర్తుపడుతుంది. ఆ జన్యువు లేని గోధుమ రకాన్ని అక్కడ విస్తారంగా వేశారు. గడ్డి మీది బూజుకి అక్కడ కాలు మోపే చోటు దొరికింది, తర్వాత మిగతా గోధుమనూ పట్టుకుంది. 2016లో మన పక్కన బంగ్లాదేశ్ దాకా వచ్చింది. కాపలా లేని ఒక్క రకాన్ని ఊరంతా వేస్తే ఏమవుతుందో అది చూపించింది. మా మండలంలో కూడా సగం పొలాల్లో సాంబే. దాని బియ్యం రుచి నాకూ ఇష్టమే, మేమూ మానలేదు. కానీ ఎకరం దాటి వేయం.

ఇంకో కోరిక రాయకుండా ఉండలేను. విత్తనం సంచి మీద "అగ్గి తెగులును తట్టుకుంటుంది" అని ఒక్క మాట రాసి వదిలేస్తారు. ఏ జన్యువుతో తట్టుకుంటుందో రాయాలి. 2021లో వచ్చిన పూసా బాస్మతి 1847లో పీఐ-2, పీఐ-54 అని రెండు జన్యువులు ఎక్కించారు. పీఐ-54 వియత్నాం నుంచి వచ్చిన టెటెప్ అనే వరిలోది. రెండు ఉంటే బూజు ఒకేసారి రెండింటినీ తప్పించుకోవాలి, అది కష్టం. సాంబలోకి కూడా ఈ జన్యువుల్ని ఎక్కించే పని హైదరాబాద్‌లో జరిగింది. ఇలాంటివి సంచి మీద తెలుగులో అచ్చు వేస్తే, పక్క మడిలో వేరే జన్యువున్న రకం వేసుకోవాలని రైతుకి తెలుస్తుంది. యూరియా బస్తా మీద నత్రజని శాతం రాస్తున్నప్పుడు ఇది రాయలేరా?

వస్తువు లోపాలు. పెట్టె మీద 120 రెట్లు అని ఉంది, 60 దాటితే మసకే. ఊదారంగు లైటు కూడా ఒకటి ఇచ్చారు, అది పొలంలో ఎందుకూ పనికిరాదు. ఫోకస్ చక్రం రెండో నెలకి వదులైంది, సన్నటి రబ్బరు బ్యాండు చుట్టాను. మంచు తడి లోపలికి వెళ్తే అద్దం మీద పొగ పడుతుంది, వాడాక బియ్యం డబ్బాలో ఒక పూట పడేస్తే ఆరుతుంది. ఫోన్ క్లిప్పు మందం ఎక్కువున్న ఫోన్లకి పట్టదు, పౌచ్ తీసేయాలి. ఎండలో లైటు సరిపోదు, నీడలో గానీ పొద్దున్నే గానీ చూడాలి. బ్యాటరీలు నెలన్నర వచ్చాయి. సెల్ నంబరు రాసి పెట్టుకుని, వాచీలు బాగుచేసే షాపులో అడిగితే ముప్పై రూపాయలకి మూడూ వస్తాయి.

కొనేవాళ్లు ఆకును పరిచి పెట్టుకోవడానికి ఒక తెల్ల ప్లాస్టిక్ పలక, ఒక స్టీలు టిఫిన్ డబ్బా కూడా దగ్గర పెట్టుకోండి. నేను ఐదుకి నాలుగు ఇస్తాను, ఒకటి ఆ 120 అన్న అబద్ధానికి తగ్గించాను. మా చిన్నాన్నకి ఇంకోటి ఆర్డర్ పెట్టాను. ఆయనకి మూడెకరాలూ సాంబే, ఈసారి నారుమడి నుంచే చూడాలి.